దంతం ఊడిన పెట్టె

పాత వస్తువులను వేలం వేసే లండన్ సంస్థల కేటలాగుల్లో మన ఊరు ఇప్పటికీ 'వైజాగపటం'గానే ఉంది. గంధపు చెక్క పెట్టెకి దంతపు రేకో గేదె కొమ్ము పట్టీలో తొడిగి, అంచుల మీద సన్నటి నల్లగీతలతో పూలతీగ నడిపితే దాన్ని వైజాగపటం పెట్టె అంటారు. అలాగే వైజాగపటం కుర్చీ, వైజాగపటం అద్దం, వైజాగపటం బీరువా. బొబ్బిలి అనగానే మనకి వీణ గుర్తొచ్చినట్టు, ఉప్పాడ అనగానే చీర గుర్తొచ్చినట్టు, పాత వస్తువులు సేకరించేవాళ్లకి విశాఖపట్నం అనగానే పెట్టె గుర్తొస్తుంది. మనకేమో రేవు, ఉక్కు గుర్తొస్తాయి. రేవు తెరిచింది 1933లో, ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992లో. ఈ రెండూ లేని రోజుల్లోనే పెట్టెలు నూటయాభై ఏళ్ల పాటు ఊరి పేరు మోసుకుని సముద్రాలు దాటాయి.

ఆ పనిని నేను పుస్తకాల్లో బొమ్మలుగా చాలానే చూశాను. చేత్తో పట్టుకుని తిప్పి చూసింది మాత్రం పాతఊళ్లో, ఒక పాత సామాన్ల కొట్టులో. అదీ సగం పాడైపోయిన పెట్టెని. పాడైపోబట్టే లోపలి సంగతులు కనబడ్డాయి. బాగా ఉన్న పెట్టె తన రహస్యం తనలోనే దాచుకుంటుంది.

కురుపాం మార్కెట్టు దాటి కోటవీధి వైపు వెళ్లే సందుల్లో ఉంది ఆ కొట్టు. బోర్డు లేదు. నడిపే పెద్దాయన ప్రచారం ఇష్టపడడు కాబట్టి ఇంతకు మించి ఆనవాలు చెప్పను. గుమ్మంలోనే బర్మా టేకు బీరువా అడ్డంగా నిలబడి ఉంటుంది, దాని పక్కనుంచి ఒత్తుకుని లోపలికి వెళ్లాలి. లోపల ఏది ఎక్కడుందో ఆయనకి తప్ప దేవుడికి కూడా తెలియదు. మర్ఫీ రేడియో మీద అడకత్తెరల గుత్తి, భోషాణం మీద మరచెంబులు, వాటి వెనక బీటలు వారిన బెల్జియం అద్దం. ఊరగాయ జాడీలు గోడవారగా బారులు తీరి ఉంటాయి. రవివర్మ లక్ష్మీదేవి పటం ఒకటి నన్ను కాసేపు ఆపేసింది. అచ్చు బొమ్మ మీద చీర వచ్చినంత మేరా వెల్వెట్టు గుడ్డ కత్తిరించి అతికించి, అంచుకి చమ్కీలు కుట్టారు ఎవరో ఇల్లాలు. ప్రెస్సువాడు వేలకొద్దీ అచ్చు వేసిన బొమ్మ ఆవిడ చేతిలో పడి ఒకేఒక్క బొమ్మ అయిపోయింది.

ఓడ దీపాలు, గుండ్రటి ఇత్తడి కిటికీ చట్రాలు ఒక మూల కుప్పగా ఉన్నాయి. ఇవన్నీ మన రేవులోవా అని అడిగితే ఆయన నవ్వాడు. "మన రేవులో ఓడలు విప్పుతారా బాబూ? ఇవి గుజరాత్‌లో అలంగ్‌వి. లారీలో వచ్చినవి." కొన్నవాళ్లు మాత్రం ఇవి వైజాగ్ ఓడలవని చెప్పుకుంటారట, తను కాదనడట. బర్మా లక్క డబ్బాలు మాత్రం ఓడలోనే వచ్చినవి. సన్నగా చీల్చిన వెదురు అల్లి, దాని మీద పొర మీద పొర లక్క పూసి, గీతలు గీసి రంగు నింపిన తమలపాకు డబ్బాలు. రంగూనులో బతకడానికి వెళ్లిన ఉత్తరాంధ్ర జనం ఇళ్లకి తెచ్చుకున్నవి. 1942లో జపాను వాళ్ల బాంబులకి చేతికందినది పట్టుకుని వచ్చినవాళ్లు కొందరు, 1960ల్లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక తిరిగొచ్చినవాళ్లు మరికొందరు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేటకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఆ డబ్బాల మీదే ఒక వ్యాసం రాయొచ్చు. కానీ వాటి కింద, గోనెగుడ్డలో చుట్టి ఉన్న పెట్టె కనబడ్డాక మిగతావన్నీ మరిచిపోయాను.

"అది అమ్మకానికి కాదు, చూసుకోండి" అన్నాడాయన.

అడుగు పొడవు, జానెడు పైచిలుకు వెడల్పు. పక్కలు నిటారుగా లేవు. పైన వెడల్పుగా మొదలై అడుగుకి వచ్చేసరికి లోపలికి తగ్గుతాయి. మూత కొద్దిగా ఉబ్బి ఉంది. ఒళ్లంతా నిలువు పట్టీలు, ఒక్కొక్కటీ పెన్సిల్‌ని నిలువునా చీల్చినట్టు సగం గుండ్రంగా. మొదట నల్లగా అనిపించింది. గుమ్మం వెలుగులోకి తెచ్చి వంచి చూస్తే పట్టీల్లోపల తేనెరంగు చారలు పైకి తేలాయి. గేదె కొమ్ము. మూత అంచులు, నాలుగు మూలలు, అడుగు చుట్టూ మాత్రం బోసిగా, పచ్చటి చెక్క బయటపడి ఉంది. అక్కడ ఉండాల్సిన దంతపు పట్టీలన్నీ ఎవరో ఊడబీకేశారు.

"నేను కాదు. నా దగ్గరికొచ్చేసరికే అలా ఉంది" అన్నాడు పెద్దాయన, నేను అడక్కుండానే. "దంతం మాట ఈ కొట్టులో ఒద్దు బాబూ. ఫారెస్టోళ్లు ఒకసారి గుమ్మం తొక్కితే పాత చెంబు కూడా అమ్ముకోలేం."

ఆయన భయం అర్థమయ్యేదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం ఆగింది. ఆఫ్రికా దంతం పేరుతో సాగుతున్న వ్యాపారం 1991 సవరణతో ఆగింది. వస్తువు రెండువందల ఏళ్లదైనా సరే, దంతం దంతమే. అందుకే వైజాగపటం పెట్టె విశాఖపట్నంలో దొరకదు, దొరికితే అమ్మకూడదు. నాకు ఈ చట్టం మీద ఫిర్యాదు లేదు. ఏనుగులు మిగలాలి. ఆ పని గొప్పతనం ఎప్పుడూ దంతంలో లేదని నా నమ్మకం. దంతం ఊడిపోయిన ఈ పెట్టె ఆ నమ్మకానికి మంచి సాక్ష్యం.

పట్టీ ఊడిన చోట చెక్కలో గాడి ఉంది, మందపాటి కాగితపు అట్ట దిగేంత లోతు. గాడి అంచు ఎక్కడా చెదరలేదు. అడుగున వేలితో తడిమితే నున్నగా లేదు, గరుగ్గా ఉంది. అది అజాగ్రత్త కాదు. జిగురు పట్టుకోవాలంటే కింద ఆ మాత్రం గరుకు ఉండాలి, నున్నటి చెక్కని జిగురు తొందరగా వదిలేస్తుంది. గాడి మధ్యలో సూదిమొనతో లాగిన గీత ఒకటి పెట్టె చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసింది. పనివాడు కొలత కోసం గీసుకున్నది. దాని మీద దంతం పరిచేస్తారు కాబట్టి ఎవరికీ కనబడదని తెలుసు. అయినా మూలల దగ్గర గీత గీతని దాటి పోలేదు.

ఆ గీతకి అటూఇటూ చిన్న బెజ్జాలు. దంతపు పట్టీని జిగురుతో అంటించి, దంతంతోనే చేసిన సన్నటి మేకులు దిగ్గొట్టేవారు. మేకు తల కూడా దంతమే కాబట్టి నునుపు పట్టాక పట్టీలో కలిసిపోతుంది, దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. ఇనుప మేకు వాడితే మన ఉప్పుగాలికి నాలుగేళ్లలో తుప్పు పట్టి దంతం మీద ఎర్రటి మరక దిగేది. బెజ్జాలు ఒకే వరసలో లేవు. ఒకటి గీతకి పైన, తరవాతది కింద, మళ్లీ పైన. ఒకే వరసలో బెజ్జాలు వేసే బర్మా తిప్పితే చెక్క ఆ వరస వెంబడి చీలుతుంది. ఇది ఏ వడ్రంగికైనా తెలిసిన సంగతే. అయితే ఆ బెజ్జాల వెడల్పు గుండుసూదంత. అంత సన్నటి బెజ్జాన్ని చేతి బర్మాతో, మిల్లీమీటరు అటూఇటూ కాకుండా, పెట్టె చుట్టూ పదులకొద్దీ వేశాడంటే ఆ చేతికి ఎంత అలవాటు ఉండాలి. మూలల దగ్గర బెజ్జాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. పట్టీ ముందు లేచేది మూల దగ్గరే అని వాడికి తెలుసు.

దంతం గాలిలో తేమని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. చెక్కా అంతే. రెండూ ఒకే లెక్కన సాగవు, ఒకే లెక్కన ముడుచుకోవు. విశాఖ ఉక్కలో చేసిన పెట్టె ఆరు నెలలు ఓడలో ప్రయాణం చేసి, ఇంగ్లండు చలికాలంలో నిప్పుగూటి పక్కన బల్ల మీద కూర్చుంటే జిగురు ఒక్కటే దాన్ని కాపాడలేదు. ఆ మేకులు ఉన్నది అందుకే. అలాంటి పెట్టెలు వందలు ఇప్పటికీ విదేశాల ఇళ్లలో, మ్యూజియాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయంటే చేసినవాళ్లు తాము ఎన్నడూ చూడని దేశపు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నట్టే.

ఈ పని చేసినవాళ్లు కంసాలులని 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు చెబుతుంది. అంటే బంగారం, చెక్క, లోహం అన్నీ ఒకే వంశవృక్షం కింద ఉన్న విశ్వకర్మ కుటుంబాలు. వడ్రంగి రంపం, చిత్రిక ఒక చేతిలో, నగిషీ చెక్కే ఉలి మరో చేతిలో ఉన్నవాళ్లు కాబట్టే ఈ పెట్టెల్లో చెక్కపని చెక్కపనిలాగా గట్టిగా, పైపని నగలాగా సున్నితంగా ఉంటాయి. అంతకు ముందు 1901లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది దంతపు పని మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. కానీ ఈ పనికి పేరు రావడం అంతకు చాలా ముందటి మాట. 1756లో ఇటు వచ్చిన ఇంగ్లీషు సైనికాధికారి జాన్ కార్నీల్ తన జ్ఞాపకాల్లో విశాఖపట్నం అద్దకపు గుడ్డల రంగులనీ, ఇక్కడి పొదుగుపనినీ వెంటవెంటనే మెచ్చుకున్నాడు. ఆ రెంటినీ కలిపి చెప్పడం నాకు చాలా సబబుగా తోస్తుంది. దంతపు అంచుల మీద పాకే తీగ, మధ్యమధ్య విప్పారే పెద్ద పువ్వు, ఆకు చివర మెలిక చూస్తే అచ్చం కలంకారీ అంచు. గుడ్డ మీద కలం నడిపిన చేయి, దంతం మీద ఉలి నడిపిన చేయి ఒకే ఊరి తీగని గీశాయి.

ఈ ఊరే ఎందుకు అంటే ముడిసరుకు దారులన్నీ ఇక్కడ కలిశాయి. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కోఠీ పెట్టారు. డచ్చివాళ్లు భీమిలిలో ఉన్నారు. సముద్రానికి అవతల పెగూ నుంచి టేకు, దంతం వచ్చేవి. తూర్పు కనుమల నుంచి కర్ర, లక్క, కొమ్ము దిగేవి. గంధపు చెక్క మైసూరు వైపు నుంచి. ఓడ తీరానికి దూరంగా లంగరు వేస్తే, కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో సరుకు, జనం అలల మీదుగా ఒడ్డుకి చేరేవారు. అలా దిగిన కంపెనీ ఉద్యోగులే మొదటి కొనుగోలుదారులు. వాళ్లు తమ ఇంగ్లీషు కుర్చీనో రాతబల్లనో చూపించి ఇలాంటిది కావాలనేవారు. మనవాళ్లు ఆకారం వాళ్లది తీసుకుని, పైపని తమది వేసి ఇచ్చేవారు.

తొలిరోజుల పనిలో నూకమాను లాంటి నల్ల కర్రలోనో టేకులోనో గాళ్లు తొలిచి దంతాన్ని పొదిగేవారు. నల్లటి కర్ర మీద తెల్లటి తీగ. 18వ శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి లెక్క తారుమారైంది. కర్ర అంతటినీ దంతపు రేకుతో కప్పేసి, దాని మీద నల్లగీతలు గీయడం మొదలుపెట్టారు. తెల్లటి నేల మీద నల్లటి తీగ. మద్రాసు సెయింట్ జార్జి కోటకి 1773 నుంచి 1775 దాకా గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలా దంతం తొడిగిన కుర్చీలు ఉండేవి. ఆయన పోయాక 1781లో ఇంగ్లండులో ఆయన సామాను వేలానికి వస్తే, మూడో జార్జి రాజు వాటిని షార్లెట్ రాణి కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం సంపదలోనే ఉన్నాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పని ఉంది. సామాను కొనేటప్పుడు పెద్దవాళ్లు కూడా బోల్తా పడ్డ కథ ఒకటుంది. ఈ కోరమాండల్ తీరంలో 17వ శతాబ్దంలో చెక్కిన నల్లటి చేవకర్ర కుర్చీల్ని చూసి, హొరేస్ వాల్పోల్ అనే పేరుమోసిన ఇంగ్లీషు రసికుడు అవి ట్యూడర్ రాజుల నాటి ఇంగ్లీషు పని అని నమ్మి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన మాట పట్టుకుని ఇంకెందరో కొన్నారు. మనవాళ్ల చేతిపని చాలాకాలం ఎనిమిదో హెన్రీ ఖాతాలో పడింది.

నాకు మాత్రం ఈ రాజుల కుర్చీల కన్నా చిన్న వస్తువులు నచ్చుతాయి. 1800 ప్రాంతంలో ఇల్లు ఆకారంలో చేసిన కుట్టుపని పెట్టెలు ఉండేవి. ఇంగ్లీషు ఇల్లు: గోడల్లో రాళ్ల వరసలు, కిటికీ రెక్కలు, అద్దం చట్రాలు, తలుపు పైన కమాను, పైకప్పు పెంకులు, పొగగొట్టం, అన్నీ దంతం మీద నల్లగీతలే. కప్పు ఎత్తితే లోపల గంధపు చెక్క అరలు, దారపుకండెలు పెట్టుకునే చోటు. చేసినవాడు ఆ దేశపు ఇల్లు కళ్లతో చూసి ఉండడు. ఏ దొరో తెచ్చిన అచ్చు చిత్రం చూసి గీసి ఉంటాడు. మంచు కురవని ఊళ్లో కూర్చుని పొగగొట్టాన్ని అంత శ్రద్ధగా ఎందుకు చేస్తున్నాడో వాడికి తెలుసా అని అనుమానం వస్తుంది.

మళ్లీ కొట్టులోని పెట్టెకి వస్తాను. ఎవరో పీకేశారన్న దంతంలో ఒక్క ముక్క మాత్రం మిగిలింది, వెనక బందు ఇత్తడి రేకు కింద ఇరుక్కుని, చిటికెన వేలి గోరంత. పెద్దాయన దాన్ని చూసి ఉండడు. భూతద్దం అడిగాను. నగలవాళ్లు కంటికి పెట్టుకునేది తెచ్చిచ్చాడు.

ముక్క కోసిన అంచులో ఒకదాన్నొకటి దాటే సన్నటి వంపు గీతలు, వలలాగా, కనీకనపడకుండా ఉన్నాయి. ఏనుగు దంతాన్ని పోల్చుకోవడానికి ఇదే అసలు గుర్తు. ఎముక అయితే నల్లటి చుక్కలు, పొట్టి గాట్లు కనిపిస్తాయి. అవి ఒకప్పటి రక్తనాళాల దారులు. ప్లాస్టిక్ అయితే గీతలు ఉన్నా పాఠం రాసే కాపీ పుస్తకంలోలాగా సమానంగా, ప్రాణం లేకుండా ఉంటాయి. సూది కాల్చి గుచ్చి చూసే పద్ధతి ఒకటి కొందరు చెబుతారు. దయచేసి చెయ్యకండి, వస్తువు పాడవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఆ గోరంత ముక్క మీద ఒక ఆకు, సగం మొగ్గ ఉన్నాయి. గీత మొదలైన చోట వెంట్రుకంత, మధ్యలో కొంచెం లావు, చివర మళ్లీ వెంట్రుక. ఉలిని మొదట తేలిగ్గా ఆనించి, మధ్యలో నొక్కి, చివర ఎత్తేస్తే తప్ప ఇలా రాదు. గీసేది తడి మట్టి మీద కాదు, పంటిలాంటి గట్టి పదార్థం మీద. చేయి జారితే చెరపడానికి లేదు. గీత అయ్యాక మసి కలిపిన లక్కని వేడిచేసి పైన రుద్దితే గాట్లలోకి దిగుతుంది. చల్లారాక పైపైన మిగిలినది గీకేసి నునుపు పడితే నలుపు గాట్లలో మాత్రమే మిగులుతుంది. రెండు శతాబ్దాలు చేతులు తగిలినా చెరగని సిరా అది. గీత పక్కగోడలు నిటారుగా తెగాయి కాబట్టే లక్క పట్టు వదల్లేదు. గాటు లోతు తక్కువైనా, అంచు వాలుగా ఉన్నా ఎప్పుడో రాలిపోయేది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పట్టించడం చూసినవాళ్లకి ఆ వాసన, ఆ వేడి వెంటనే గుర్తొస్తాయి. ఈ ప్రాంతానికి లక్క కొత్త కాదు.

ఇక కొమ్ము. నా ఓటు దానికే. దంతం దొరల కోరిక. గేదె కొమ్ము ఊరి సరుకు. 19వ శతాబ్దం మొదటి సగంలో ఈ కొమ్ము పట్టీల పెట్టెలు బయటికొచ్చాయి, నన్నడిగితే విశాఖ పని అసలు ఎత్తు అక్కడే. కొమ్ము బోలుగా, మెలికగా ఉంటుంది, చివర మాత్రమే గట్టి. దాన్ని నిలువునా కోసి, నీళ్లలో ఉడికించి, నిప్పు సెగ చూపిస్తే తోలులాగా మెత్తబడుతుంది. అప్పుడు పట్టకారుతో విప్పి పలకల మధ్య బిగించి ఉంచితే చల్లారాక చదునైన రేకు అవుతుంది. మళ్లీ వేడి తగిలితే మళ్లీ వంగుతుంది. ప్లాస్టిక్ పుట్టకముందు మనిషి చేతిలో ఉన్న ప్లాస్టిక్ అదే. వేడి ఎక్కువైతే పొరలు విడిపోతాయి, తక్కువైతే పెళ్లున చిట్లుతుంది. ఆ మధ్య ఉన్న సందు పనివాడి వేళ్లకి తెలియాలి. ధర్మామీటరు లేదు.

ఈ పెట్టె పట్టీలన్నీ కొలిచి చూశాను. పట్టీకీ పట్టీకీ మధ్య వెడల్పులో తేడా నా స్కేలుకి అందలేదు. పైన వెడల్పు, కింద సన్నం అయిన పక్కలకి సమానమైన పట్టీలు అంటిస్తే కింద చోటు చాలదు కదా. దగ్గరగా చూస్తే ప్రతి పట్టీ కిందికి వచ్చేకొద్దీ కాస్తంత సన్నబడుతోంది. ఒక్కదాన్ని చూస్తే తెలియదు, మొత్తం వరసని ఓరగా చూస్తే తెలుస్తుంది. చారలు కూడా ఏదో ఒకలా పడ్డవి కావు. తేనెరంగు ఎక్కువున్న పట్టీలు ముందు పక్కన మధ్యకి, నిండు నలుపువి మూలలకి వచ్చేలా ఏరి పెట్టాడు. మూలలు బరువుగా, మధ్య వెలుగ్గా అనిపిస్తుంది. ఇది ఎవరూ చెప్పి చేయించగలిగే పని కాదు. కొమ్ములు కుప్ప పోసి, ఒక్కొక్కటి వెలుగుకి ఎత్తి చూసి, పక్కన పెట్టుకున్న మనిషి నిర్ణయం.

మూత తెరిచాను. తాళంచెవి లేదు, తాళం ఎప్పుడో విరిగింది. లోపల గంధం వాసన ఇంకా ఉంది, పెట్టెలో మొహం పెడితే తప్ప తెలియనంత. గంధపు చెక్క వాడింది వాసన కోసమే అనుకోకూడదు. దంతాన్ని పురుగు తినదు గానీ కొమ్ముని తింటుంది. కొమ్ము జుట్టు, గోరు లాంటిదే కాబట్టి పురుగుకి ఇష్టం. గంధం దాన్ని దూరం పెడుతుందని నమ్మకం. పైకెత్తి తీసే పళ్లెంలో చిన్నచిన్న అరలు, ఒక్కొక్క దానికీ పలచటి గంధపు మూత, ఎత్తడానికి కొమ్ము బుడిపె. ఒక మూత తీసి పక్క అరలో పెట్టబోతే పట్టలేదు. నాలుగు మూతలు చూడటానికి ఒకలాగే ఉన్నాయి, కానీ దేని అరకి అదే సరిపోతుంది. అచ్చు పెట్టి చేసినవి కావన్నమాట, ఒక్కొక్క మూతనీ దాని అర దగ్గరే కూర్చుని చిత్రిక పట్టి సరిపెట్టినవి.

1850ల తరవాత ఈ పని మారింది. కొనేవాళ్లకి ఇండియా నుంచి ఇండియాలాగే కనబడే వస్తువు కావాలనిపించింది. గంధపు పెట్టెల మీద దంతాన్ని జల్లెడలాగా తొలిచి వినాయకుడు, కృష్ణుడు, దశావతారాలు దట్టించారు. పని కష్టంలో ఏమీ తగ్గలేదు. అయినా నాకు అవి ఊపిరాడనట్టు ఉంటాయి. ఖాళీ వదలడం తెలిసిన చేతులు ఖాళీ చూస్తే భయపడటం మొదలుపెట్టాయి. చేతిరుమాలు పెట్టె, విజిటింగ్ కార్డుల డబ్బా, సిరాబుడ్డి స్టాండు, ఇలా వస్తువులు చిన్నవయ్యాయి. తరవాత దంతం ఖరీదైంది, దొరలు వెళ్లిపోయారు, పని చేసిన కుటుంబాలు బంగారానికో వడ్రంగానికో మళ్లాయి. చాలా పెట్టెల మీద చేసినవాడి పేరు ఉండదు.

మన దేశంలో నూరేళ్లు దాటిన కళావస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించకూడదు, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. దంతం ఉంటే అమ్మకమే లేదు. బ్రిటన్‌లో 2018లో చేసిన దంతం చట్టం 2022 నుంచి అమల్లోకి వచ్చింది. 1947కి ముందు చేసిన వస్తువులో దంతం పదో వంతు కన్నా తక్కువ ఉంటే, నమోదు చేయించుకుని అమ్ముకోవచ్చు. కొమ్ము పట్టీల పెట్టెలు చాలావరకు ఆ సందులోంచి దూరిపోతాయి. నిండా దంతం తొడిగినవాటికి 1918కి ముందువి అయి ఉండాలి, అసాధారణమైన పనితనం ఉందని నిపుణులు ఒప్పుకోవాలి. ఒకప్పుడు చవకగా చూసిన గేదె కొమ్ము ఇలా పెట్టెల్ని కాపాడుతోంది.

పెద్దాయనకి ఒక ఆలోచన ఉంది. పూర్ణా మార్కెట్టులో తెల్ల ప్లాస్టిక్ బీడింగు దొరుకుతుంది, కొలత కోయించి గాళ్లలో అంటిస్తే పెట్టె కళ వస్తుందని. వద్దన్నాను. గాళ్లు అలాగే ఉంచినా పరవాలేదు, ప్లాస్టిక్ మాత్రం వద్దు. నింపాలనే ఉంటే జైపూర్‌లో, లక్నోలో దంతం ఆగిపోయాక ఎముక మీద నగిషీకి మళ్లిన పనివాళ్లు ఉన్నారు, అక్కడి నుంచి ఎముక పట్టీలు తెప్పించుకోవచ్చు. జిగురు మాత్రం తరవాత విప్పడానికి వీలయ్యేది వాడాలి. ఆ గోరంత ముక్కని కదపొద్దు.

"పట్టీ సరే, గీత ఎవడు గీస్తాడు?" అన్నాడు.

స్టీలు సామాన్ల కొట్ల ముందు గిన్నెల మీద పేర్లు చెక్కే కుర్రాళ్లు ఉన్నారు కదా, చేతి ఉలితో నేర్చుకున్న పెద్దవాళ్లు వాళ్లలో ఒకరిద్దరు ఇంకా ఉండొచ్చు, మిషను పక్కన పెట్టించి ముందు ఒక పాత ఎముక దువ్వెన మీద ఆకు గీయించి చూడండి అన్నాను. ఆయన కాసేపు పెట్టె వంక చూసి, గోనెగుడ్డ దులిపి, "ఏటికొప్పాక లక్క కిలో ఎంతుందో కనుక్కోండి ముందు" అన్నాడు.